ఫోటో దిగిన బొమ్మలు

కొట్లో సరుకు దొంగలు ఎత్తుకుపోతే అరలో ఖాళీ కనిపిస్తుంది. ఆ ఖాళీ చూసి మనిషి లబోదిబోమంటాడు, తాళం మారుస్తాడు, పక్క కొట్టువాణ్ణి నాలుగు రోజులు అనుమానంగా చూస్తాడు. ఫోటో ఎత్తుకుపోతే అలాంటి గుర్తేమీ మిగలదు. పోయింది కూడా ఉన్నచోటే ఉంటుంది. అందుకే తన ఫోటోలు పోయిన సంగతి మంగకి మూడు నెలలదాకా తెలియలేదు.

మంగది నర్సీపట్నంలో ఆర్టీసీ కాంప్లెక్సు ఎదురు సందులో లక్కబొమ్మల కొట్టు. మొదట్లో అది గాజులు, రిబ్బన్ల కొట్టు. ఒక ఏడాది ఏటికొప్పాక బొమ్మలు తెచ్చి ఒక్క అరలో పెట్టి చూసింది. ఆ అర నిలబడింది, మిగతా కొట్టు కూలబడింది. ఏది నిలబడితే దాని పక్కన మనం నిలబడాలి, అంతకుమించి వ్యాపారంలో రహస్యం లేదని మంగ నమ్మకం. మరుసటి ఏడాదికి గాజులు అర చివరికి వెళ్లాయి, ఆ తర్వాత అసలే లేవు.

జనం కొట్టుకి రావడం తగ్గి ఫోన్లో కొనడం మొదలుపెట్టాక మంగ కూడా ఫోన్లోకి వెళ్లింది. ఒక పెద్ద అమ్మకాల యాప్‌లో పేజీ తెరిచింది. ఫోటోలు తనే తీసేది. ఎవరూ నేర్పలేదు, నష్టమే నేర్పింది. ఎండ నేరుగా పడితే లక్క తళుక్కుమని బొమ్మ మాయమైపోతుంది. నీడ ఎక్కువైతే పసుపు రంగు మట్టిరంగులా కనిపిస్తుంది. అందుకని ఏటికొప్పాకలో బొమ్మలు చేసే పెదబాబు ఇంటి అరుగు మీద, పొద్దున్న తొమ్మిదిన్నర ప్రాంతంలో, చూరుకి తెల్లపంచె ఒకటి తెరలా కట్టి, కింద నీలం దుప్పటి పరిచి, మోకాళ్ల మీద కూర్చుని తీసేది. ఒక్క బొమ్మకి ముప్పై ఫోటోలు తీస్తే ఒకటి నిలిచేది. ఆ ఒక్కదాని కింద ఒక మాట రాయించేది: "ఈ ఫోటోలో ఉన్న బొమ్మే మీ ఇంటికి వస్తుంది."

ఈ మాటే ఆమెకి పేరు తెచ్చింది. చేత్తో చేసినది ఏ రెండూ ఒక్కలా ఉండవు. చూసింది ఒకటి, వచ్చింది ఒకటి అని ఏడ్చేవాళ్లే ఆన్‌లైన్‌లో ఎక్కువ. అందుకే మంగ ఒక్కో బొమ్మకీ ఒక్కో ఫోటో పెట్టేది. అది అమ్ముడుపోగానే ఆ ఫోటో కింద అయిపోయిందని రాయించి, పెదబాబు ఇంటికి కబురు పెట్టేది. పెదబాబు భార్య అప్పయ్యమ్మ బొమ్మని గడ్డిలో చుట్టి పార్సిల్ కట్టి అడ్డరోడ్డులో కొరియర్‌కి ఇప్పించేది. ఏడాదిలో అలా నలభై ఒక్క బొమ్మలు వెళ్లాయి. ఒక్క ఫిర్యాదు రాలేదు.

ఒక మంగళవారం పొద్దున్న విశాఖపట్నం నుంచి వీరేంద్ర ఫోన్ చేశాడు. ఆయనకి నగరంలో చిన్నపిల్లల బడులు ఐదారు ఉన్నాయి. పిల్లలు బొమ్మలు నోట్లో పెట్టుకుంటారు కాబట్టి లక్క రంగులవే కావాలని, ఆరు వందల బొమ్మలకి మాట అనుకున్నారు. ఆరు వందలంటే పెదబాబు ఇంటికీ, పక్కనున్న రెండు ఇళ్లకీ నాలుగు నెలల పని.

"మంగగారూ, ఒక మాట సూటిగా అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఈ ఫోటోలు మీవేనా?"

"నావే సార్. పెదబాబు మావ అరుగు మీద నా సేత్తో తీసినవే."

"ఇవే ఫోటోలు ఇంకో పేజీలో ఉన్నాయి. ధర సగం. వాళ్ల పేజీ బాగానే తెరుచుకుంటోంది. మీది తెరిస్తే అందుబాటులో లేదని వస్తోంది. మా కమిటీ వాళ్లు ఏమనుకుంటున్నారో చెప్పనా?"

"సెప్పొద్దు సార్. నాకు తెలిసిపోనాది."

"శనివారం మా వాళ్లు కూర్చుంటారు. ఆలోగా ఎవరు అసలో తేలాలండీ. ప్లాస్టిక్ మీద రంగు పూసింది పిల్లల నోట్లో పెట్టించలేను కదా."

ఆయన మాటలో కోపం లేదు. అదే మంగని ఎక్కువ భయపెట్టింది. కోప్పడేవాడు ఇంకా బేరంలో ఉన్నట్టు. మెల్లగా మాట్లాడేవాడు సగం లేచి నిలబడ్డట్టు.

కొట్టు పక్కనే సౌందర్య ఇంటర్నెట్ సెంటర్. ముప్పై ఏళ్ల మనిషి, ఆధార్ కాగితాల నుంచి ఉద్యోగ దరఖాస్తుల దాకా సందంతటికీ ఆమే చేసిపెడుతుంది. మంగ పేజీ చూసేదీ, ఇంగ్లీషు రాసేదీ ఆమే. మంగ వెళ్లేసరికి యాప్ వాళ్ల మెయిల్ తెరిచి ఉంది.

"ఏటుందే అందులో?"

"నువ్వే దొంగవని ఉంది పిన్నీ."

మంగ స్టూలు లాక్కుని కూర్చుంది. సౌందర్య ఒక్కో ముక్కా విప్పి చెప్పింది. చిట్టిలోకం అనే పేరుతో ఎవరో ఇరవై ఆరు ఫోటోలు మంగ పేజీలోంచి తీసుకున్నారు. కింద మూలన చిన్న అక్షరాల్లో ఉన్న మంగ కొట్టు పేరు కత్తిరించేసి, తమ పేరు పెద్దగా అడ్డంగా వేసుకున్నారు. అక్కడితో ఆగలేదు. మా ఫోటోలు ఈవిడ వాడుకుంటోందని యాప్‌కి వాళ్లే ముందు ఫిర్యాదు పెట్టారు. యాప్ వాళ్లు మంగ పేజీ మూసేసి, ఫోటోలు మీవే అనడానికి అసలు ఆధారం వారం రోజుల్లో చూపించమన్నారు.

"ముందెవరు కేకేస్తే ఆళ్లదే మాటన్నమాట."

"అంతే పిన్నీ. పేజీలో ముందు ఎవరు పెట్టారో ఆళ్లు సూడరు. సూడు, ఇది నీదే కదా."

తెర మీద ఎడ్లబండి బొమ్మ. నీలం దుప్పటి మీద బండి చక్రం పక్కన ఒక గండుచీమ. ఆ రోజు ఆ చీమని ఊదబోయి, పోనీలే, అదీ బండెక్కుతుందేమో అని వదిలేసిన సంగతి మంగకి జ్ఞాపకం వచ్చింది.

"సీమని కూడా ఎత్తుకుపోనారే," అంది. నవ్వూ ఏడుపూ కాని గొంతుతో.

"అసలు ఫోటో ఉంటే చాలు పిన్నీ, ఫోన్లో తీసినప్పుడు ఏ రోజు తీసామో, ఏ ఫోన్లో తీసామో అందులోనే ఉంటాది. నీ ఫోన్లో ఉన్నాయా?"

లేవు. మంగ ఫోన్ చిన్నది. నిండిపోయిందని అది గోల పెట్టినప్పుడల్లా ఫోటోలన్నీ వాట్సాప్‌లో సౌందర్యకి పంపేసి తుడిచేసేది. వాట్సాప్‌లో వచ్చినదానికి ఆ తేదీ గుర్తులు ఉండవు. పోనీ ఆ వచ్చినవైనా సౌందర్య కంప్యూటర్లో ఉండేవి, జూన్‌లో పిడుగు పడ్డ రోజు దాని లోపలి డిస్కు కాలిపోయింది. అరటాకుల్లో భోజనం చేసి ఆకులు పారేసినంత సులువుగా ఏడాది కష్టం పారేశానన్నమాట, అనుకుంది మంగ. బొమ్మ చుట్టే గడ్డి కూడా పారేయకుండా దాచే మనిషి తను. ఫోటో బరువులేనిది కాబట్టి సరుకు కాదనుకుంది. లెక్క తప్పింది అక్కడే.

చిట్టిలోకం పేజీలో ఒక నంబరుంది. మంగ చేసింది. ఒక కుర్ర గొంతు.

"బాబూ, మీ పేజీలో ఉన్న బొమ్మల ఫోటోలు నావి. తీసీండి."

"అమ్మా, నెట్‌లో దొరికింది నెట్‌దే. మీ పేరు దాని మీద లేదుగా?"

"ఉండేది. నువ్వు కోసీసావు."

"ప్రూఫ్ ఉందా?" అన్నాడు. లేదనేసరికి ఫోన్ పెట్టేశాడు.

సౌందర్య వాణ్ణి నాలుగు తిట్టింది. మంగ తిట్టలేదు. దొంగైనా సరైన ప్రశ్నే అడిగాడు. వాడి దగ్గర బొమ్మ లేదు, తన దగ్గరా లేదు. నలభై ఒక్కటీ నలభై ఒక్క ఊళ్లకి వెళ్లిపోయాయి. ఇద్దరి దగ్గరా ఉన్నది ఒకే ఫోటో. మధ్యవర్తి ఎవడైనా ఇక్కడ ఎటు తూగుతాడు? ధర తక్కువున్న వైపే తూగుతాడు.

బుధవారం పొద్దున్నే కొట్టుకి తాళం వేసి బస్సెక్కింది. కోటవురట్ల దాటేదాకా ఒకటే ఆలోచన. శనివారం దాకా పెదబాబుకి చెప్పకుండా ఊరుకోవచ్చు. ఏమో, కలిసిరావచ్చు. కానీ ఆయన ఇప్పటికే బొమ్మలకి వాడే అంకుడు కర్ర కొని ముక్కలు కోయిస్తున్నాడు. ఇవాళ చెబితే కర్ర కర్రగానే ఉంటుంది, ఏడాది పోయినా అమ్ముకోవచ్చు. ఆదివారం చెబితే అది ఆరు వందల చిన్న ముక్కలు. ఆశ నాది, కోత ఆయనది అయితే ఆ బేరం న్యాయం కాదు. అడ్డరోడ్డులో దిగి ఆటో ఎక్కేసరికి మాట ఖాయం చేసుకుంది.

పెదబాబు కర్ర తిప్పే లేత్ యంత్రం ముందు కూర్చుని బొంగరానికి లక్క పడుతున్నాడు. తిరుగుతున్న కర్రకి ఎర్ర లక్కబిళ్ల ఆనిస్తే ఆ వేడికి అది కరిగి వెన్నలా అంటుకుంటోంది. దాని మీద మొగలి ఆకు మడిచి రుద్దితే అద్దంలా మెరుపు. మంగ అరుగంచున కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన మోటారు కట్టేశాడు. అది పూర్తిగా ఆగేదాకా చూస్తూ కూర్చున్నాడు.

"ఆపీమంటావా?"

"శనివారం దాకా ఆపు మావా. తప్పు నాదే. ఫోటోలు దాసుకోలేదు."

"నీదేటి తప్పు. ఎత్తుకెల్లినోడిది గానీ." అంతకన్నా ఒక్క మాట అనలేదు. పన్నెండేళ్ల పరిచయంలో ఆ మనిషి నిందవేసి ఎరగడు. ఆ నిమిషంలో మంగకి అది పెట్టుబడి కన్నా పెద్దదిగా తోచింది.

లోపల బియ్యం చెరుగుతున్న అప్పయ్యమ్మ చేటతో సహా గుమ్మంలోకి వచ్చింది.

"నా మాట ఇన్నారా ఎవులైనా? అన్ని కళ్లు పడితే ఇలాగే అవుద్దని సెప్పీదాన్ని. పోన్లో ఎట్టడమంటే ఊరూరి కళ్లూ మీదెట్టించుకోడమే. ఇప్పుడు ఏటైనాది? దొంగ కన్నే పడ్డాది. నా అదురుట్టం, ఆ బొమ్మలు పసిగుంటల సేతికి ఎల్లనివ్వలేదు."

మంగ సగమే విన్నది. "ఏ బొమ్మలు అత్తా?"

"అవే. నువ్వు ఫోటోలు తీసినయ్యే."

"అవి కొన్నోలికి ఎల్లిపోనాయి కదా. నువ్వే కదా పార్సిల్ కట్టినావు."

అప్పయ్యమ్మ మొగుడి వైపు చూసింది. పెదబాబు మొగలి ఆకుల కట్ట సర్దడంలో తలమునకలైపోయాడు.

"కట్టినాను. అవి కాదు కట్టింది," అంది అప్పయ్యమ్మ. "వెయ్యి కళ్లు పడ్డ వొస్తువు పసిగుంట సేతికి ఎలాగిత్తానే? మొదట్లో ఒకటి మా మనవరాలికి ఇచ్చీసాను, నువ్వు ఫోటో తీసిన సిలకని. మూడ్రోజులు జొరం. అప్పట్నుంచి ఒకటీ పంపలేదు. నువ్వు ఫోటో తీసింది లోపలెట్టీసి, దాని జత పంపీదాన్ని."

"జతేటి?"

ఇక పెదబాబు తల ఎత్తక తప్పలేదు. "నాను ఏది సేసినా రెండు సేత్తాను కదమ్మీ. ఒకటి నీ పోన్‌కి, ఒకటి గుంటలకి."

మంగకి ముందు వచ్చింది కోపమే. వ్యాపారి రక్తం అలాంటిది. ఫోటోలో ఉన్నదే మీ ఇంటికి వస్తుందని నలభై ఒక్కసార్లు రాయించింది. నలభై ఒక్కసార్లూ అది అబద్ధం. పైగా నలభై ఒక్క బొమ్మలు, ఏరి ఏరి ఫోటోకి పెట్టిన మేలురకం బొమ్మలు, ఈ ఇంట్లో ఊరికే పడుకుని ఉన్నాయి.

"అత్తా, నన్ను ఒక్క మాట అడగొచ్చు కదా! నా పేరు మీద ఎల్తన్నాది కదా సరుకు!"

"అడిగితే ఒప్పుకుంతావా?"

"ఒప్పుకోను!"

"అందుకే అడగనేదు."

అప్పయ్యమ్మ లోపలికి వెళ్లి మూతగుడ్డ కట్టిన పెద్ద వెదురుగంపని నేల మీద ఈడ్చుకుంటూ తెచ్చింది. గుడ్డ విప్పింది. పాత చీరముక్కల్లో చుట్టిన ఏనుగులు, బొంగరాలు, లక్కపిడతలు, ఎడ్లబళ్లు. పైన నాలుగు ఎండుమిరపకాయలు, చిటికెడు ఉప్పు మూట.

మంగ ఒక ఏనుగుని చేతిలోకి తీసుకుంది. ముందు ఎడమకాలి మీద నువ్వుగింజంత నల్లటి ముడి. కర్రలో పుట్టుకతో ఉన్నది, లక్క లోపలినుంచి కనిపిస్తోంది. ఆ ముడిని ఎక్కడో చూసింది. ఫోన్ తీసి చిట్టిలోకం పేజీ తెరిచి ఏనుగుని వేళ్లతో పెద్దది చేసింది. ముందు ఎడమకాలు. నువ్వుగింజంత నల్లటి ముడి.

"మావా! ఇలాగ రా!"

ముగ్గురూ అరుగు మీద తలకాయలు దగ్గరపెట్టుకు కూర్చున్నారు. పసుపు బొంగరం మెడ దగ్గర లక్క పలచబడి కర్ర చార ఏరులా వంకర తిరిగింది. తెర మీదా అదే వంకర. బండి కుడిచక్రానికి ఆకుపచ్చ గీత ఒకచోట తెగి ఉంది, పెదబాబుకి ఆ వేళ దగ్గొచ్చి చెయ్యి కదిలింది. తెర మీదా అక్కడే తెగి ఉంది. పెదబాబు తన తప్పుని ఇంత ఇష్టంగా చూసుకోవడం మంగ ఎప్పుడూ చూడలేదు. ఇరవై ఆరూ ఉన్నాయి. ఒక్క చీమ తప్ప అన్నీ దొరికాయి.

ఫోటో ఎవడైనా ఎత్తుకుపోగలడు. ఫోటో దిగిన బొమ్మ ఎవరి దగ్గర ఉంటే ఫోటో వాళ్లది. దీనికి తేదీలు అక్కర్లేదు, డిస్కులు అక్కర్లేదు.

మంగ సౌందర్యకి ఫోన్ చేసి అడిగింది. బొమ్మనీ, ఆ పేజీనీ పక్కపక్కన పెట్టి, ఆపకుండా ఒకే వీడియో తీయమంది సౌందర్య. మంగ చూరుకి తెల్లపంచె కట్టబోయింది. అప్పయ్యమ్మ గంపకి అడ్డంగా కూర్చుంది.

"మళ్లీ ఫోటోయా? ఒల్లకో. తగిలిన దిట్టి సాలదా?"

కొనేవాడి నమ్మకంతో వాదించినవాడు సరుకు ఇంటికి మోసుకుపోతాడు. మంగ వాదించలేదు. అత్త పక్కన చతికిలబడింది.

"అత్తా, ఇవి ఇంక పిల్లలకి ఎల్లవు కదా?"

"సచ్చినా ఎల్లవు."

"మరి తడిసిన గుడ్డకి వానేటి? తగలాల్సిన కళ్లు తగిలీసాయి. ఇప్పుడు ఆ దొంగోడి కన్ను ఒక్కటీ తీసేత్తే సాలు. ఇవి సూపిత్తే ఆడు తగలెట్టిన దిట్టి ఆడికే తిరిగి ఎల్లిపోద్ది."

అప్పయ్యమ్మ గంప ముందునుంచి కాస్త పక్కకి జరిగింది. ఆవిడ మెత్తబడింది మంగ తెలివికా, పక్కన ఊరికే ఆగి ఉన్న మోటారుని చూసా, చెప్పలేం. చివరికి షరతులు పెట్టింది. బొమ్మలు తన చేతిలోనే ఉండాలి, ఇంకొకరు ముట్టకూడదు. ఆ పూట అరుగు మీదికి పిల్లలు రాకూడదు. అయ్యాక గంపకీ, మంగకీ, ఆ ఫోన్‌కీ కూడా ఉప్పూమిరపకాయలూ తిప్పాలి. మంగ మూడింటికీ ఒప్పుకుంది. ఇంత చవకగా ఆమెకి ఎక్కడా బేరం కుదరలేదు.

వీడియో పదకొండు నిమిషాలు వచ్చింది. అప్పయ్యమ్మ ఒక్కో బొమ్మా తీసి, దొంగ పేజీ తెరిచి ఉన్న పెదబాబు ఫోన్ పక్కన పెట్టి, ముడీ గీతా వేలితో చూపించింది. బొమ్మలు చూపిస్తే చాలు, మాట్లాడమని ఎవరూ అడగలేదు. అయినా ఆవిడ ఊరుకోలేదు.

"ఒరే బాబూ, ఎవులవో గానీ. ఫోటో ఎత్తుకెల్లావు సరే. బొమ్మేదిరా? ఉంటే ఇలాగ పట్టుకుని సూపించు. నేకపోతే నోరు మూసుకుని ఆ పేజీ మూసుకో. మా ముసలోడు దగ్గితే తెగిన గీత ఇది. నీకు ఈ దగ్గు దొరుకుద్దేటిరా?"

మంగ చెయ్యి కదిలి ఆ ఒక్కచోట వీడియో కాస్త ఊగింది. నవ్వుకే.

తిరుగు బస్సులో ఆ నవ్వు కోటవురట్ల దాకా కూడా నిలవలేదు. ఈ వీడియో రెండువైపులా పదునున్న కత్తి. బొమ్మలు ఇక్కడున్నాయంటే ఫోటోలు మంగవని రుజువు. బొమ్మలు ఇక్కడున్నాయంటే కొన్నవాళ్లకి వెళ్లింది ఫోటోలోది కాదనీ రుజువే. దొంగని పట్టుకోబోయి తన మాటనే పట్టిచ్చేస్తోంది.

సౌందర్య ఈ సంగతి విని చిటికెలో ఉపాయం చెప్పింది. "వీడియో యాప్ వాళ్లకే పంపుదాం పిన్నీ. ఆళ్లకి ఈ లెక్కలు పట్టవు. సార్‌కి మాత్రం పంపకు. మా పేజీ తెరుచుకున్నాది అని సెప్పు, సాలు."

"సార్ కొనేది ఏటే? బొమ్మలా?"

"మరేటి?"

"బొమ్మలు సగం ధరకి అవతలోడూ ఇత్తన్నాడు. సార్ నా మాట కొంతన్నాడు. అందులో పురుగుంటే నాను ముందు సెప్పాలి. ఆయనకై ఆయనకి కనబడితే మరి నా సరుకు ఏదీ నమ్మడు."

ఆ సాయంత్రమే సౌందర్య వీడియో కింద ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసి యాప్ వాళ్లకి పంపింది. గురువారం పొద్దున్న మంగ వీరేంద్రకి వీడియో పంపి, ఆయన చూసేంత వ్యవధి ఇచ్చి, ఫోన్ చేసింది. దిష్టి సంగతి, జతల సంగతి, తను రాయించిన మాట అబద్ధమైన సంగతి ఏదీ దాచలేదు.

"అంటే మాకు వచ్చేవి ఫోటోలో మేం చూసినవి కావన్నమాట."

"కావు సార్. ఆటి జతలు. అదే కర్ర, అదే లక్క, అదే సెయ్యి. ఎవరి కళ్లూ పడనివి."

"మీకు ఈ సంగతి ఎప్పుడు తెలిసింది?"

"నిన్న తెలిసినాది. ఇయ్యాల సెప్తన్నాను."

ఆయన సరే చూద్దామన్నాడు. అంతే. ఆ సరేలో ఎంత ఉందో తూచడానికి మంగ దగ్గర తక్కెడ లేదు.

శుక్రవారం మధ్యాహ్నం యాప్ వాళ్ల మెయిల్ వచ్చింది. రెండు వాక్యాలు. చిట్టిలోకం పేజీలోంచి ఇరవై ఆరు ఫోటోలూ తీసేశామని, మంగ పేజీ తెరిచామని. క్షమించమనే మాట లేదు. మంగకి అక్కర్లేదు కూడా. మూసిన తలుపు తెరిచినవాణ్ణి ఎందుకు మూశావని నిలదీస్తే సరుకు అమ్ముకునే వేళ దాటిపోతుంది.

శనివారం నాలుగు గంటలకి వీరేంద్ర మాట చెప్పాడు. ఆరు వందలు కాదు, ముందు రెండు వందలు. అవి చూశాక మిగతావి.

"మా వాళ్లలో ఇద్దరు వద్దన్నారండీ. మిగతావాళ్లు ఆ ముసలావిడని చూసి సరే అన్నారు. ఆవిడ తిట్టేచోటు మూడుసార్లు వేయించుకున్నారు."

"సాలా సంతోషం సార్."

"ఒకటే ఇబ్బంది. ఈ దిష్టి కథ పిల్లల తల్లిదండ్రులకి చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నాం."

"సెప్పండి సార్. సెప్తే ఇంకో వంద ఎక్కువ ఎల్తాయి."

ఆయన మొదటిసారి పైకి నవ్వాడు.

రెండు వందలంటే ఆరు వందలు కాదు. మంగ దాన్ని ఆరు వందలని తనకి తాను చెప్పుకోలేదు. కానీ మంగళవారం చేతిలో ఉన్నది సున్నా. సున్నా దగ్గర్నుంచి లెక్కపెడితే రెండు వందలు చాలా దూరం. పెదబాబుకి ఫోన్ చేసి చెబితే ఆయన సరేనమ్మీ అన్నాడు. ఫోన్ పెట్టేలోగానే మోటారు తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

ఆ మర్నాడు సౌందర్య పక్కన కూర్చుని, కొన్న నలభై ఒక్కమందికీ ఉన్న విషయం రాయించింది. అక్కర్లేకపోతే బొమ్మ వెనక్కి పంపమంది. ఒకరు పంపారు. ఎనిమిదిమంది ఫరవాలేదన్నారు. తుని నుంచి ఒకామె, మా పాప ఆ ఏనుగు లేకుండా అన్నం తినదు, వెనక్కి అడిగితే మీ కొట్టు ముందుకొచ్చి కూర్చుంటాం అని రాసింది. మిగతావాళ్లు చదివారో లేదో. ఆ తర్వాత పేజీలో పాత మాట తీయించి కొత్తది పెట్టించింది: "ఫోటోలో ఉన్న బొమ్మ అమ్మబడదు. దానితో పాటు పుట్టిన దాని జత మీ ఇంటికి వస్తుంది."

"ఇలాగ రాస్తే ఎవులు కొంటారు పిన్నీ?"

"నమ్మినోలు."

ఇక ఫోటోల సంగతి. తీసిన ప్రతిదీ ఇప్పుడు రెండుచోట్ల దాస్తోంది. ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి సౌందర్య చెప్పిన ఇంకెక్కడో, మంగకి కనిపించని చోట. మూడోది, ఫోటో దిగిన బొమ్మే, అప్పయ్యమ్మ దగ్గర. ఆ మూడోదాని మీదే మంగకి గురి.

వచ్చిన బుధవారం ఏటికొప్పాక వెళ్లినప్పుడు చీరా, అరకిలో జీడిపప్పు పట్టుకెళ్లి అప్పయ్యమ్మ కాళ్లకి దండం పెట్టబోయింది. ఆవిడ కాళ్లు వెనక్కి లాక్కుంది.

"నీ మొకం. నాకెందుకే దండాలు? నాను గుంటల కోసం దాసాను గానీ నీ కోసం దాసానేటి?"

"ఎవరి కోసం దాసినా నాను బతికాను అత్తా."

"బతికితే మంచిదే. అయితే ఒక పని సెయ్యి. ఈ గంప నిండిపోనాది. నువ్వు మరి ఫోటోలు ఆపవు కదా. ఇంకోటి పెద్దది తెచ్చి ఎట్టు. మూతున్నది. సీర ఎనక్కి పట్టుకెల్లి గంపే తే."

చీర వెనక్కి పట్టుకెళ్లలేదు గానీ, మరుసటి వారం నర్సీపట్నం బజార్లో మంగ గంపలమ్మే చోట ఆగింది. ఉన్నవాటిలో పెద్దది ఎంచి, తిరగేసి, అల్లిక వేళ్లతో నొక్కి చూసి, మూత సరిగ్గా పడుతుందో లేదో రెండుసార్లు వేసి తీసింది. కృతజ్ఞత ఉందని బేరం మానేస్తే అమ్మేవాడు చులకన చేస్తాడు. పావుగంట బేరమాడింది. గంపలమ్మే గున్నమ్మ విసిగి, "ఇంత గంపలో ఏటెడతావమ్మా, కోళ్లా?" అంది.

"కాదు, సాచ్చ్యాలు," అని మంగ గంప నెత్తికెత్తుకుంది. అడ్డరోడ్డు బస్సు కదలడానికి ఇంకా ఐదు నిమిషాలుంది. గంప లోపలికి పట్టదని కండక్టరు తల అడ్డంగా ఊపుతున్నాడు. మంగ ఫుట్‌బోర్డు మీద ఒక కాలు వేసి, నవ్వుతూ, ఆయనతో రెండో బేరం మొదలుపెట్టింది.